సిమెంటు “పడలేదు” అనవచ్చునా?

తెలుగులో ‘మార్పిడి’ అన్న మాటకు ఈ ముప్పై నలభై యేండ్లలో పట్టిన చాకిరీ ఇంతా అంతా కాదు. పూర్వం కుండమార్పిడి సంబంధాలుండేవి, వస్తువుల మార్పిడి ఉండేది, పంటల మార్పిడి ఉండేది. ఆ తరువాత మూత్రపిండాల మార్పిడి వచ్చింది, గుండె మార్పిడి వచ్చింది, కాలేయ మార్పిడి వచ్చింది. ఆ వరుసలోనే, ఎవరూ ఆగి ఆలోచించకుండానే, మోకీళ్ళ మార్పిడి కూడా వచ్చి కూర్చున్నది. పత్రికల వారు వ్రాస్తున్నారు, వైద్యులు అంటున్నారు, మనమూ అంటున్నాము. అనడంలో తప్పేమిటని అడుగుతారేమో. తప్పు ఉన్నదనే నా వాదం. ఆ తప్పు వ్యాకరణానిది కాదు, రోగి నెత్తిన పడే తప్పు.

మూత్రపిండాన్ని మార్చినప్పుడు ఒక మనిషి దేహంలో మరొక మనిషి అవయవం ప్రవేశిస్తుంది. అది ప్రాణమున్న మాంసం, దానికొక గుర్తింపు ఉన్నది. మన రక్తంలోని లింఫోసైట్లలో టి-కణాలనేవి ఆ గుర్తింపును చదివి, “ఇది మన ఇంటిది కాదు” అని పసిగట్టి దానిపై పడతాయి. అందుకే అటువంటి రోగులు జీవితాంతం నిరోధక శక్తిని అణచే మందులు మింగుతారు. “శరీరం తిరస్కరించింది” అన్న మాట అక్కడ పుట్టింది, అక్కడ అది సార్థకమైన మాట.

మోకీలు విషయంలో ఎవరి మోకీలూ ఎవరికీ పెట్టరు. తొడ ఎముక కింది కొసను, కాలి ఎముక పై కొసను కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కి, వాటికి లోహపు తొడుగులు వేసి, నడుమ పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ పలకను ఉంచుతారు. “మోకాలి చిప్పలు మార్పించుకున్నాడు” అని ఊళ్ళో అంటారు గాని, చిప్ప చాలామందికి చిప్పగానే ఉంటుంది. కొందరికి దాని వెనుకవైపున చిన్న ప్లాస్టిక్ బిళ్ళ అతికిస్తారు, అంతే. ఇందులో గుర్తింపు చదవదగిన పరాయి కణం ఒక్కటీ లేదు. అయినా మాట ఒకటే కావడం వలన భావం కూడా ఆ గట్టు నుండి ఈ గట్టుకు దాటింది. మూత్రపిండం తిరస్కరింపబడినట్లే మోకీలు కూడా తిరస్కరింపబడుతుందని జనం నమ్ముతున్నారు. కీలు వదులైతే “మీ ఒంటికి సిమెంటు పడలేదండీ” అని చెప్పే వైద్యులూ ఉన్నారు. ఇంగ్లీషులో ఈ రెండింటికీ రెండు వేర్వేరు మాటలున్నాయి, వారికి ఈ చిక్కు మనకున్నంత లేదు.

(మాలాంటి వ్యాకరణం వాళ్ళకు మరొక సరదా ఉన్నది. కీలును సంస్కృతంలో సంధి అంటారు. ఒక వర్ణాన్ని తొలగించి ఆ స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంటే అది ఆదేశం, ఉన్నవాటిని కదపకుండా నడుమ వచ్చి చేరితే ఆగమం. ఆదేశం శత్రువు వంటిదనీ ఆగమం మిత్రుని వంటిదనీ మా గురువులు చెప్పేవారు. ఆ లెక్కన లోహపు తొడుగు ఆదేశం, సిమెంటు ఆగమం. చిత్రమేమిటంటే నింద మాత్రం ఆగమం మీద పడింది.)

ఇంతకూ ఈ సిమెంటు ఏమిటి? పేరు వినగానే మనకు బస్తా, తాపీ, ఇసుక పాళ్ళు జ్ఞాపకం వస్తాయి. వాటితో దీనికే చుట్టరికమూ లేదు. ఇది అక్రిలిక్, పాలీమిథైల్ మెథాక్రిలేట్ అని దీని పూర్తి పేరు. కట్టుడుపళ్ళ కింద గులాబీరంగు చిగురు ఉంటుందే, ఆ జాతి పదార్థం. ఇంగ్లండులో సర్ జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు 1950ల చివర తుంటికీలును నిలపడానికి దారి వెదుకుతున్నప్పుడు, మాంచెస్టరులో దంతవైద్య పదార్థాలపై పనిచేస్తున్న డెనిస్ స్మిత్ దీనిని సూచించాడు. పొడి ఒక పొట్లంలో, ఘాటైన వాసన గల ద్రవం ఒక గాజుగొట్టంలో వస్తాయి, సాధారణంగా 40 గ్రాముల పొడికి 20 మిల్లీలీటర్ల ద్రవం చొప్పున. రెండింటినీ శస్త్రచికిత్స బల్ల దగ్గరే కలుపుతారు. ముందు జారుగా ఉండి, పిండిముద్దలా మారి, వేడి పుట్టించుకొంటూ పది పదిహేను నిమిషాలలో రాయిలా గట్టిపడుతుంది. ఎక్సురేలో కనబడడం కోసం అందులో బేరియం సల్ఫేటో, జిర్కోనియం డయాక్సైడో కలుపుతారు. 1970 నుండి జెంటామైసిన్ వంటి సూక్ష్మజీవనాశకాలను కలపడం కూడా మొదలైంది, అది హాంబర్గులో బుఖోల్జ్ చేసిన ప్రయత్నం.

ఇది జిగురు కాదని చార్న్‌లీ పదేపదే చెప్పాడు. ఎముకను, లోహాన్ని అతికించదు. ఎముకలోని స్పంజికవంటి రంధ్రాలలోకి చొచ్చుకొనిపోయి, సందులను పూడ్చి, బరువును అంతటా సమంగా పంచుతుంది. గచ్చు రాళ్ళ సందులలో పోసే పూత చేసే పని ఇది. ఈ మాటొక్కటి రోగికి చెబితే సగం అపోహలు పోతాయి. అతికినది ఊడిపోతుందని భయపడతాడు గాని, పూడినది అరుగుతుందని ఎవరికీ తోచదు.

ఇక అసలు కథకు వస్తాను. మన దేహంలో భక్షక కణాలున్నాయి. పెద్దవాటిని పాఠ్యగ్రంథాలలో స్థూలభక్షక కణాలంటారు, ఇంగ్లీషు పేరు మాక్రోఫేజ్. వీటి పని మొట్టమొదట పట్టుకొన్నవాడు రష్యాకు చెందిన మెచ్నికాఫ్. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరాన, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్ళు గుచ్చి, మరునాడు ఉదయం చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. దానిని పట్టుకొని ఆయన కట్టిన సిద్ధాంతానికి 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. మన కాలిలో ముల్లు విరిగితే అక్కడ గడ్డకట్టినట్లు అవుతుంది చూడండి, అదీ ఆ కణాల సభయే.

మరి చెంచాల కొద్దీ అక్రిలిక్కును ఎముకలో నింపితే ఆ కణాలు ఊరుకుంటాయా? ఊరుకుంటాయి. ఇదే నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన సంగతి. వృద్ధాప్యంలో వేరే కారణాలతో మరణించిన తన రోగుల తుంటి ఎముకలను చార్న్‌లీ సూక్ష్మదర్శినిలో పరీక్షించి 1970లో ఒక వ్యాసం ప్రకటించాడు. గట్టిగా నిలిచిన సిమెంటు చుట్టూ పలుచని పీచుపొర, అక్కడక్కడ మృదులాస్థి, ఆ వెనుక ఆరోగ్యంగా బరువు మోస్తున్న ఎముక ఉన్నాయి. మంట లేదు, ముట్టడి లేదు. కణాలు దానిని చూశాయి, మింగడానికి వీలుగాని పెద్ద బండ అని గ్రహించి, చుట్టూ ఒక పొర అల్లి, తమ పని తాము చూసుకొన్నాయి. తిరస్కరణ అన్నదే నిజమైతే మొదటి నెలలోనే అన్నీ బయటికి రావలసింది.

ఆ బండ అరిగి పొడి రాలినప్పుడు కథ మారుతుంది. వాకిట్లో బండరాయి ఉంటే కన్ను దానిని హాయిగా చూస్తుంది. అదే రాతి నలుసు కంట్లో పడితే కన్ను నీరు కారుస్తుంది. పదార్థం అదే, పరిమాణం వేరు. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. సుమారు పది మైక్రాన్లకు లోబడిన నలుసులను భక్షక కణం మింగగలదు. అంతకు మించితే కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి మహాకణంగా మారి దానిని చుట్టేస్తాయి. మింగిన సూక్ష్మజీవినైతే లోపలి ఆమ్లాలతో, ఎంజైములతో కరిగించివేస్తాయి. అక్రిలిక్కును గాని పాలిథిలీన్‌ను గాని కరిగించే ఎంజైము మన ఒంట్లో లేదు. అందుచేత మింగిన కణం కక్కలేక, అరిగించుకోలేక, “ఇక్కడేదో జరుగుతోంది, రండి” అని కేకలు వేస్తుంది. ఆ కేకలకు పేర్లున్నాయి: టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6. కొంతకాలానికి ఆ కణం చచ్చిపోతుంది. నలుసు మళ్ళీ బయటపడుతుంది. ఇంకొక కణం వచ్చి దానినే మింగుతుంది. ఇలా ఏండ్ల తరబడి.

ఈ కేకలు వినేవాళ్ళలో ఎముకను తినే కణాలున్నాయి. మామూలు రోజులలో అవి మనకు మేలు చేసేవే. పాత ఎముకను తొలుస్తూ ఉంటే కొత్త ఎముకను కట్టే కణాలు వెనుకనే వస్తుంటాయి. ఎముకను తినే కణమూ, నలుసును మింగే కణమూ ఒకే తల్లి కడుపున పుట్టిన దాయాదులు, రక్తంలోని మోనోసైట్ల వంశం. ర్యాంక్-లైగాండ్ అనే సందేశం పెరిగితే ఈ దాయాదులు మరీ ఎక్కువగా పుట్టుకొచ్చి, కట్టే కణాల చేతికి అందనంత వేగంగా ఎముకను తొలుచుకుపోతాయి. సిమెంటుకు ఎముకకు నడుమ ఖాళీ ఏర్పడుతుంది. కీలు కదులుతుంది. కదిలితే మరింత పొడి రాలుతుంది. చూడండి, కణాలు దాడి చేసినది నలుసు మీద, నష్టపోయినది మాత్రం ఎముక. పెద్దల పోరులో పసివాడికి దెబ్బ తగిలినట్లు. 1983లో గోల్డ్‌రింగ్ బృందం వదులైన తుంటికీళ్ళ నుండి సిమెంటుకూ ఎముకకూ నడుమ పెరిగిన పొరను తీసి పరీక్షించింది. అది కీలు లోపలి సహజమైన పొరను పోలి ఉండడమే గాక, ఎముకను హరించే ప్రోస్టాగ్లాండిన్‌ను, కొలాజినేస్‌ను తయారుచేస్తోందని చూపింది. అంటే శరీరం అక్కడ ఒక కొత్త కార్ఖానా పెట్టుకొన్నదన్నమాట.

ఆ పొరను సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు మరొక వింత. పలుచని ముక్కలు కోయడానికి ముందు కణజాలాన్ని కొన్ని ద్రావకాలలో నానబెడతారు, సిమెంటు ఆ ద్రావకాలలో కరిగిపోతుంది. కనుక నేరస్థుడు కనబడడు, వాడు కూర్చున్న చోటు గుండ్రని ఖాళీగా కనబడుతుంది, అంచున బేరియం రవ్వలు మిగిలి ఉంటాయి. పాలిథిలీన్ నలుసులు అలా కరగవు, ధ్రువిత కాంతిలో తళతళమంటాయి. ఆ బేరియం కూడా అమాయకురాలు కాదు. ఎక్సురే కోసం కలిపిన ఆ పొడి ఉన్న సిమెంటు నలుసులు, అది లేని నలుసులకంటె ఎముక క్షయాన్ని ఎక్కువ చేస్తాయని 1997లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ప్రయోగశాలలో చూపించారు. మనం చూడడానికని కలిపినదే కంటికి కనబడని చోట పని చేస్తోంది.

ఇక్కడ మన భాష చేసే రెండో ఉపద్రవం చెప్పాలి. సెల్‌ను కణం అంటాము. పార్టికల్‌ను కూడా కణమే అంటాము. ఒక పత్రిక ఆరోగ్యపుటలో “కణాలు కణాలను మింగడం వలన వాపు కలుగుతుంది” అన్న ధోరణిలో ఒక వాక్యం చూచి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరు ఎవరిని మింగినట్లు? పదో తరగతి పిల్లవాడు వ్రాసి ఉంటే కర్త ఏదిరా, కర్మ ఏదిరా అని అడిగేవాణ్ణి. అందుకే పైన ప్రాణమున్న దానిని కణమనీ, ప్రాణం లేని దానిని నలుసనీ వాడుతూ వచ్చాను. నలుసు అచ్చమైన తెలుగు మాట, అందరికీ తెలిసినది, చిన్నదైనా బాధించేదన్న ధ్వని దానిలోనే ఉన్నది. కడుపులో నలుసు పడిందని శుభవార్తగా కూడా అంటాము కదా అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. అనవచ్చు, సందర్భం ఏ నలుసో చెబుతుంది.

మాట తప్పితే పామరులే కాదు, పండితులూ దారి తప్పుతారనడానికి ఈ చరిత్రలోనే సాక్ష్యం ఉన్నది. కృత్రిమ తుంటి అమర్చిన వారి తొడ ఎముకలో అక్కడక్కడ పెద్ద గుంటలు పడుతున్నాయని హారిస్ బృందం 1976లో వ్రాసింది. ఏ పదార్థపు నలుసులైనా మితి మీరితే కణజాలం వాటిని తట్టుకోలేదని విల్లర్ట్, సెమ్‌లిట్ష్ అనే ఇద్దరు 1977లోనే చెప్పారు. అయినా నింద సిమెంటుకే స్థిరపడింది. 1987లో ఒక వ్యాసానికి ‘సిమెంటు వ్యాధి’ అనే పేరే పెట్టారు. సరే, సిమెంటే దోషి అయితే సిమెంటు లేకుండా చేద్దామని, ఎముక నేరుగా పట్టుకొనే గరుకు లోహపు కీళ్ళు విరివిగా అమర్చారు. కొన్నేండ్లు గడిచాక వాటి చుట్టూ కూడా అవే గుంటలు! సిమెంటు చుక్కైనా లేని చోట సిమెంటు వ్యాధి ఎలా వచ్చింది? తరచి చూస్తే ఎక్కువ పాపం పాలిథిలీన్ పొడిదని తేలింది. సిమెంటు పొడి కూడా నిర్దోషి కాదు. అది తన వంతు ఎముకను హరిస్తుంది, పైగా దాని గట్టి రవ్వలు కీలు సందులో చిక్కుకొంటే ప్లాస్టిక్ పలకను గీకి ఇంకా పొడి రాలుస్తాయి. ప్రధాన ముద్దాయి మాత్రం పక్కనే కూర్చొని ఉన్నాడు. 1990ల చివర నుండి అరుగుదల తక్కువగా ఉండే పాలిథిలీన్ వచ్చాక, ముఖ్యంగా తుంటికీళ్ళలో, ఈ గుంటల బెడద బాగా తగ్గింది.

నిజానికి చార్న్‌లీకి ఈ పాఠం అంతకు ముందే ఎదురైంది. మొదట్లో ఆయన టెఫ్లాన్‌తో తుంటి గిన్నెలు చేసి సుమారు 300 మందికి అమర్చాడు. రెండు మూడేండ్లలో అవి అరిగి, ఆ పొడి చుట్టూ గడ్డలు కట్టాయి. అన్నిటినీ తానే తీయవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన ఆ టెఫ్లాన్ పొడిని, కొత్తగా వాడదలచిన పాలిథిలీన్ పొడిని తన తొడలోనే ఉంచుకొని నెలల తరబడి గమనించాడు. టెఫ్లాన్ ఉన్న చోట గడ్డలు పెరిగాయి, రెండోచోట అంతగా లేవు. 1963లో లాన్సెట్ పత్రికలో వ్రాశాడు. “మీ ఒంటికి పడలేదు” అని ఆ 300 మందితో అని ఊరుకోవడం ఆయనకు ఎంత సులభం! ఊరుకోక, తన ఒంటినే అడిగాడు. చార్న్‌లీ అంటే నాకు గల గౌరవంలో సగం ఇందుకే.

అసలు ‘పడకపోవడం’ అనేది లేనే లేదా అంటే, ఉన్నది. లోహం మీద లోహం రాసుకొనే తుంటికీళ్ళు కొన్నాళ్ళు విరివిగా వాడారు. వాటి చుట్టూ భక్షక కణాలు మాత్రమే గాక లింఫోసైట్లు గుంపులు గుంపులుగా చేరడాన్ని 2005లో విల్లర్ట్ బృందం వివరంగా వర్ణించింది. అది ఎలర్జీకి దగ్గర చుట్టం. అటువంటి కీళ్ళలో ఒక రకాన్ని 2010లో ప్రపంచమంతటి నుండి వెనుకకు తీసుకొన్నారు, మన దేశం కూడా అందులో ఉన్నది. సిమెంటు ద్రవానికి ఎలర్జీ తెచ్చుకొన్నవారూ ఉన్నారు. వారిలో రోగులకంటె, దానిని చేతులతో కలిపే దంతవైద్య సాంకేతికులు, శస్త్రవైద్యులు ప్రముఖులు, రబ్బరు చేతొడుగు గుండా కూడా ఆ ద్రవం చర్మానికి చేరుతుంది కనుక. గట్టిపడిన సిమెంటులో ఆ ద్రవం మిగిలేది కొద్దిగానే. ఎలర్జీ చరిత్ర ఉన్నవారు ముందే వైద్యునికి చెప్పుకోవాలి, అది వేరే సంగతి. వదులైన ప్రతి కీలునూ ఎలర్జీ ఖాతాలో వేసి, వీపు మీద అతుకులు అంటించి పరీక్షలు చేయించడం మాత్రం డబ్బు దండుగ అని నా అభిప్రాయం. చర్మం మీద దద్దురు లేచినంత మాత్రాన ఎముకలో జరుగుతున్నది అదేనని రుజువు కాదు.

“పడలేదు” అన్న మాట వలన మరొక ప్రమాదం ఉన్నది, ఇది అన్నిటికంటె పెద్దది. కీలు నొప్పి పెట్టడానికి, వదులు కావడానికి సూక్ష్మజీవులు చేరడం కూడా కారణం కావచ్చు. అప్పుడు అక్కడికి వచ్చే కణాలు వేరు. అవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. కీలులోని నీరు తీసి లెక్కపెడితే, కీలు మార్చి చాలాకాలమైన మనిషిలో మైక్రోలీటరుకు 3000 తెల్లకణాలు దాటితే వైద్యులు సూక్ష్మజీవులను అనుమానిస్తారు. అదే సంఖ్య రక్తంలో ఉంటే తక్కువ అనుకొంటాము, చోటును బట్టి అర్థం మారుతుంది. 2006లో మొరావీట్జ్ బృందం ఈ పొరలను నాలుగు రకాలుగా విభజించింది: నలుసులవలన వచ్చినది, సూక్ష్మజీవులవలన వచ్చినది, రెండూ కలిసినది, ఏదీ కానిది. ఏ కణాలు వచ్చాయో చూస్తే ఎందుకు వచ్చాయో తెలుస్తుంది. మొదటి రకానికీ రెండో రకానికీ చికిత్సలో హస్తిమశకాంతరం. “పడలేదు” అని ఒక్క మాటతో తేల్చివేసిన చోట ఈ విచారణకు తలుపు మూసుకొంటుంది.

నాతో పాటు పనిచేసి పదవీ విరమణ చేసిన హిందీ టీచరుగారు ఒకరున్నారు. 2011లో ఎడమ మోకీలుకు శస్త్రచికిత్స జరిగింది, హాయిగా తిరిగారు. ప్రతి ఏడూ వచ్చి చూపించుకోవాలని చీటీలో ఇంగ్లీషులో ఉన్నదట. నొప్పి లేనప్పుడు ఎందుకు వెళ్ళాలో ఎవరూ చెప్పలేదు, ఆవిడ వెళ్ళలేదు. 2022లో కుర్చీలోంచి లేచి మొదటి నాలుగడుగులు వేస్తే నొప్పి, తరువాత సర్దుకొనేది. ఎక్సురేలో కాలి ఎముక వైపు సిమెంటు చుట్టూ నల్లని గీత. అక్కడి వైద్యుడు “అమ్మా, మీ ఒంటికి సిమెంటు పడలేదు” అన్నాడు. ఆవిడ ఇంటికి వచ్చి ఏం చేశారో ఊహించండి. వంకాయ మానేశారు, గోంగూర మానేశారు! ‘పడదు’ అంటే తెలుగువాడికి ముందు తట్టేది పథ్యమే కదా. “నా ఒళ్ళే అంత మాస్టారూ, చిన్నప్పటినుంచీ ఏదీ పడదు” అని నాతో అన్నారు, తప్పు చేసినవారు తల దించుకొన్నట్లు. వంశంలోనే ఉన్నదేమోనని చెల్లెలు నిశ్చయమైన శస్త్రచికిత్సను మానుకొన్నది, ఇప్పటికీ కర్రతోనే నడుస్తున్నది. టీచరుగారికి వేరే చోట నీరు తీసి చూశారు, సూక్ష్మజీవులు లేవు. మళ్ళీ శస్త్రచికిత్స చేశారు. ఎముక తరిగిపోవడం వలన లోహపు దిమ్మలు, పొడవాటి కాడ పెట్టవలసి వచ్చింది. తీసిన పొరలో ఉన్నవి భక్షక కణాలు, మహాకణాలు, ప్లాస్టిక్ నలుసులు, సిమెంటు ఖాళీలు. ఆవిడ ఒళ్ళు ఏ దేహమైనా చేసే పనే చేసింది. పదకొండేండ్లు చేసింది. చూడవలసినవారు చూడలేదు.

వైద్యుల పక్షం కూడా చెప్పాలి. బయట నలభైమంది వేచి ఉండగా ఇంటర్‌ల్యూకిన్ల పురాణం విప్పడానికి వారికి తీరిక ఉండదు. “పడలేదు” రెండు క్షణాలలో అయిపోయే మాట, రోగికి అర్థమైనట్లు కూడా ఉంటుంది. అదీగాక ఒకే మోతాదు పొడికి ఒకరి కణాలు ఎక్కువ కేకలు వేస్తాయి, మరొకరివి తక్కువ. కనుక ఒంటి తత్త్వానికి ఇందులో పాత్రే లేదనలేము. కాని ఆ పాత్ర ఎంత? కీలు ఎంత తిన్నగా అమరింది, సిమెంటు ఎముకలోకి ఎంత చొచ్చుకొన్నది, మిగులు సిమెంటును ఎంత శుభ్రంగా తీశారు, పలక ఏ రకానిది, రోగి బరువెంత, ఏండ్లెన్ని గడిచాయి, ఇవన్నీ ఉండగా ఒంటి తత్త్వాన్ని ముందు వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు. అరుగుదల వస్తువు గుణం, అమరిక మనిషి పనితనం. ఈ రెండింటినీ దాటవేసి మూడోదానిని మాత్రమే చెప్పే మాట ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు.

2017 ఆగస్టులో కేంద్రం మోకీళ్ళ ధరకు కళ్ళెం వేసింది, ఎక్కువగా వాడే కోబాల్టు-క్రోమియం రకానికి పన్ను గాక 54,720 రూపాయలు గరిష్ఠమని. మన పత్రికలు ఆ అంకెను పతాక శీర్షికలలో వేశాయి. మంచిదే. ఆ కీలు అమర్చాక నొప్పి లేకపోయినా అప్పుడప్పుడు ఎక్సురే ఎందుకు తీయించుకోవాలో మాత్రం ఏ పుటలోనూ నాకు కనబడలేదు. ఎముక తరిగేటప్పుడు చప్పుడు చేయదు. నొప్పి వచ్చేసరికి సగం పని జరిగిపోయి ఉంటుంది. గుళికలు వేసుకొని నయం చేసుకొనే జబ్బూ కాదు.

ఇది చదివి ఎవరూ శస్త్రచికిత్స మానుకోవద్దు, టీచరుగారి చెల్లెలిలా. 2019లో లాన్సెట్‌లో వచ్చిన ఒక పెద్ద గణన ప్రకారం, ఆస్ట్రేలియా, ఫిన్లండ్ దేశాల నమోదు పట్టికలను బట్టి, పూర్తి మోకీళ్ళలో నూటికి 82, తుంటికీళ్ళలో నూటికి 58 ఇరవై అయిదేండ్లు నిలుస్తున్నాయి. నడవలేనివాడు ఇరవై అయిదేండ్లు నడవడం సామాన్యమా? నేను కోరుతున్నది ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో నాలుగు తెలుగు వాక్యాలు మాత్రమే. ఇలా వ్రాయవచ్చు:

“మీకు పెట్టినది మరొకరి అవయవం కాదు. దీనిని శరీరం తిరస్కరించడమంటూ ఉండదు, ఆహార పథ్యమూ లేదు. ఏండ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్, సిమెంటు అరిగి నలుసులు రాలవచ్చు, వాటిని మింగే కణాల వలన చుట్టూ ఎముక నొప్పి లేకుండానే తరగవచ్చు. కనుక నొప్పి లేకపోయినా చెప్పిన గడువుకు వచ్చి ఎక్సురే తీయించుకోండి. జ్వరం, వాపు, చీము, కొత్తగా నొప్పి ఉంటే గడువు వరకు ఆగకండి.”

లెక్కపెడితే అయిదయ్యాయి, పంతులు చేత వ్రాయిస్తే అంతే. ‘మార్పిడి’కి బదులు ‘కృత్రిమ కీలు అమరిక’ అనవచ్చునని నాకు తోస్తున్నది, కాని నోటికి బరువుగా ఉన్నది, జనం ఎత్తుకోరు. ‘కీలు తొడుగు’ అన్నది తేలిక, జరిగిన పనికి దగ్గర కూడాను. నలుసుకు పోటీగా ‘రజను’ అన్న మాట ఒక రోజంతా నన్ను ఊరించింది, కంసాలి ఆకురాయి కింద రాలేదే ఆ రజను. అరిగి రాలినదన్న అర్థం అందులో సూటిగా ఉన్నది. అయితే కంసాలి దుకాణంలో రజను చూసినవారు ఇప్పుడెందరు మిగిలారో. మిత్రులలో వైద్యులున్నారు, నిఘంటువులు తిరగవేసేవారూ ఉన్నారు. ఈ రెంటిలో ఏది నయమో చెప్పండి.